అమ్మాయి హిస్టరీ లిస్టుతో అమెరికా తొలినాళ్ళ ఆర్థిక చరిత్ర చదివిన నా అనుభవం

మా అమ్మాయి హైస్కూల్లో ఈ ఏడాది యూఎస్ హిస్టరీ వన్ తీసుకుంది. మేం ఉండేది మసాచుసెట్స్ లో, బోస్టన్ కి పడమటి వైపు, మనవాళ్ళు బాగానే ఉండే ఊరు. ప్రతి యూనిట్ మొదట్లో టీచర్ ఒక వొకాబ్ లిస్టు ఇస్తారు, యూనిట్ అయ్యాక ఆ పదాలన్నీ వాడుతూ ఎస్సే రాయాలి. ఈసారి లిస్టు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. మర్కంటిలిజం, జాయింట్ స్టాక్ కంపెనీ, ఇండెంచర్డ్ సర్వెంట్, స్పీసీ, అసంప్షన్, ఎక్సైజ్, టారిఫ్, కాటన్ జిన్, టర్న్‌పైక్, మార్కెట్ రివల్యూషన్, అమెరికన్ సిస్టమ్, నల్లిఫికేషన్, పానిక్, ఇట్లా రెండు పేజీలు. పిల్ల కార్డులు రాసుకుంది, ముందు పదం వెనక అర్థం, నేను అడగడం తను చెప్పడం, వారం తిరక్కుండానే అసంప్షన్ కీ ఎక్సైజ్ కీ తేడా మళ్ళీ మొదటికొచ్చింది. పాపం తన తప్పేం లేదు, ఒకదానితో ఒకటి సంబంధం తెలియకుండా అన్ని పదాలు ఎవరికైనా ఎట్లా గుర్తుంటాయి.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక లావాటి నోట్‌బుక్ తీసుకుని ఒక్కో పదానికి ఒక్కో పేజీ ఇచ్చాం, డెఫినిషన్ పైన ఒక లైను అంతే, దాని కింద మూడు ప్రశ్నలు. డబ్బు ఎవరిది, పని ఎవరిది, లాభం ఎవరికి పోయింది. ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా ఆ పేజీ అయిపోయినట్టు కాదు. నేను కామర్స్ చదువుకున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు సహజంగానే వచ్చాయి. అమెరికా చరిత్ర అంటే అంతకుముందు నాకు తెలిసింది సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ కోసం చదివిన 100 ప్రశ్నలు, అందులో పది అడిగి ఆరు కరెక్ట్ చెప్తే పాస్ చేసేవాళ్ళు, కాలనీల వాళ్ళు బ్రిటిష్ వాళ్ళతో ఎందుకు పోరాడారు అంటే పన్నులు ఎక్కువ అని చెప్తే సరిపోయేది. ఆ ఒక్క ముక్క వెనక ఎంత ఉందో ఈ లిస్టు పుణ్యమా అని ఇప్పుడు తెలిసింది.

మొదట జాయింట్ స్టాక్ కంపెనీ పేజీ. 1606 లో వర్జీనియా కంపెనీకి రాజు చార్టర్ ఇచ్చాడు, లండన్ లో షేర్లు అమ్మారు, 1607 లో జేమ్స్‌టౌన్ లో దిగారు. డబ్బు షేర్‌హోల్డర్లది. పని మాత్రం చాలావరకు ఇండెంచర్డ్ సర్వెంట్స్ ది, అంటే ఓడ చార్జీ పెట్టుకోలేక నాలుగేళ్ళో ఏడేళ్ళో పని చేస్తామని కాగితం రాసిచ్చి వచ్చినవాళ్ళు. ఇది చదవగానే నేను మా అమ్మాయికి మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మారిషస్ కీ నటాల్ కీ ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ సంగతి చెప్పా, అది రెండొందల ఏళ్ళ తర్వాతి మాట అయినా కాగితం పద్ధతి అదే. 1619 లో ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన మనుషుల్ని వర్జీనియాలో అమ్మారు. మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే పొగాకు చేలల్లో పని చేసినా, ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి చట్టాలు మార్చుకుంటూ పోయి, కాగితం గడువు అయితే బయటపడే తెల్ల కూలీ ఒక పక్క, పిల్లలు, వాళ్ళ పిల్లలు కూడా బానిసలే అయ్యే నల్లవాళ్ళు ఒక పక్క అయ్యారు. ఈ పేజీలో మూడో ప్రశ్న దగ్గర మా అమ్మాయి చాలాసేపు ఆగింది.

మర్కంటిలిజం పేజీకి నేను కొంచెం తెలుగు సరుకు కలిపా, ఎందుకంటే కలుస్తుంది మరి. కాలనీల పని ముడిసరుకు పంపడం, తయారైన సరుకు తల్లి దేశం దగ్గరే కొనుక్కోవడం, ఇదీ దాని సారం, 1651 నుంచి వచ్చిన నావిగేషన్ యాక్ట్స్ అన్నీ దాని కోసమే. ఈ తల్లి దేశం తరఫున ఆసియాలో వ్యాపారం చేసేది ఈస్టిండియా కంపెనీ, అదే కంపెనీ 1611 లో మచిలీపట్నంలో దిగింది, 1760ల్లో ఉత్తర సర్కారుల్ని చేతిలోకి తీసుకుంది, మా గుంటూరు ఒక్కటే 1788 దాకా ఆగింది. 1773 కి ఆ కంపెనీ పీకల్దాకా అప్పుల్లో ఉంది, లండన్ గోడౌన్లలో చైనా టీ పేరుకుపోయింది, దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంట్ టీ యాక్ట్ చేసి, లండన్ లో సుంకం లేకుండా అమెరికాకి నేరుగా అమ్ముకోమంది. టీ చవకవుతుంది కానీ అక్కడి సుంకం అట్లాగే ఉంటుంది, బోస్టన్ వ్యాపారుల నోట్లో మట్టి. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ జనం 342 టీ పెట్టెలు సముద్రంలో పోశారు, అదే బోస్టన్ టీ పార్టీ. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి ఈ కథ వింటూనే ఉంది, ఫీల్డ్ ట్రిప్ కి కూడా వెళ్ళొచ్చింది, అయినా ఆ టీ ఓనరూ వాళ్ళ తాతయ్య ఊరి పక్క జిల్లాలని ఏలినవాడూ ఒక్కడేనని దానికి ఎవరూ చెప్పలేదు. యార్క్‌టౌన్ లో 1781 లో అమెరికా వాళ్ళ చేతిలో ఓడిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిసే తర్వాత ఇండియా గవర్నర్ జనరల్ గా వచ్చి 1793 లో బెంగాల్ లో శాశ్వత శిస్తు పెట్టాడని కూడా చెప్పా. దాంతో పిల్లకి ఆ పేర్లు మనుషులయ్యాయి, అప్పటి నుంచి తనే నోట్‌బుక్ పట్టుకుని నా వెనక తిరగడం మొదలుపెట్టింది.

నాకు అన్నిట్లోకీ ఎక్కువ నచ్చిన భాగం అప్పు. స్వతంత్ర యుద్ధం గెలిచారు, సంతోషం, కానీ ఆ యుద్ధం నడిచింది అప్పు మీద. సైనికులకి జీతం బదులు కాగితాలు ఇచ్చారు, తర్వాత ఎప్పుడో కడతాం అని. రాజ్యాంగానికి ముందున్న ఒప్పందం, ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ కింద కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాలని అడుక్కోవాలి, ఇస్తే ఇచ్చారు లేకపోతే లేదు. మా మసాచుసెట్స్ మాత్రం తన అప్పు తీర్చుకోడానికి రైతుల మీద గట్టిగా పన్నులేసింది, అదీ స్పీసీలో, అంటే వెండి బంగారు నాణేల్లో కట్టమంది. పల్లెల్లో రైతు దగ్గర నాణెం ఎక్కడిది. కోర్టులు పొలాలు జప్తు చేశాయి, కట్టలేనివాళ్ళని జైల్లో పెట్టాయి. 1786 లో డేనియల్ షేస్ లాంటి మాజీ సైనికులే, నిన్నటిదాకా స్వతంత్రం కోసం కొట్లాడినవాళ్ళే, జప్తులు జరక్కుండా కోర్టులకి అడ్డం నిలబడ్డారు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి పోతే ఫిరంగులు పేల్చారు, నలుగురు చనిపోయారు. ఈ తిరుగుబాటుని అణచడానికి బయల్దేరిన రాష్ట్ర సైన్యానికి డబ్బు ఎవరిచ్చారో తెలుసా, బోస్టన్ వ్యాపారులు సొంతంగా చందాలేసుకుని ఇచ్చారు, ప్రభుత్వం దగ్గర లేక. స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు గంటంపావు దూరం, ఎన్నిసార్లు ఆ ఊరి మీదుగా న్యూజెర్సీ వెళ్ళామో, ఈసారి వెళ్ళినప్పుడు ఆగి ఆ ఆయుధాగారం మ్యూజియం చూశాం.

ఇది అర్థమయ్యాక హామిల్టన్ పేజీలు వాటంతటవే వచ్చాయి. 1789 లో ట్రెజరీ సెక్రటరీ, అంటే ఆర్థిక మంత్రి, అయ్యాడు, కేంద్రం అప్పు దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లు, రాష్ట్రాలవి ఇంకో 2 కోట్ల 50 లక్షలు. రాష్ట్రాల అప్పు కూడా కేంద్రమే నెత్తినేసుకుంటుంది అన్నాడు, అదే అసంప్షన్. పాత కాగితాలన్నిటికీ రాసున్న పూర్తి విలువకి కొత్త బాండ్లు ఇస్తా అన్నాడు. కానీ ఆ కాగితాలు అప్పటికి సైనికుల దగ్గర లేవు, ఇంట్లో గడవక డాలరు కాగితాన్ని పావలాకీ బేడాకీ అమ్ముకున్నారు, కొన్నది సిటీల్లో డబ్బున్నవాళ్ళు. మొదట పట్టుకున్న సైనికుడికి కూడా కొంత వాటా ఇవ్వాలని వర్జీనియా నాయకుడు మాడిసన్ అడిగాడు, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. దీని మీద మా ఇంట్లో డిన్నర్ దగ్గర పెద్ద చర్చే జరిగింది. మా ఆయన హామిల్టన్ పార్టీ, అప్పు పూర్తిగా తీర్చే దేశమనే పేరు రాకపోతే రేపు ఎవరిస్తారు అంటాడు, అది నిజమే, డచ్ వాళ్ళు ఆ తర్వాత చవక వడ్డీకి ఇచ్చారు కూడా. నేను మాత్రం మాడిసన్ వైపే. మిరపకి రేటు లేనప్పుడు కల్లంలోనే తెగనమ్ముకుని, రెండు నెలలకి కోల్డ్ స్టోరేజీ వాడు మూడింతలకి అమ్మడం చూసి పెరిగినదాన్ని, ఆ సైనికుడి పక్కన కాక ఇంకెక్కడ నిలబడతా. ఆ రాష్ట్రాల అప్పుకి ఒప్పుకున్నందుకు వర్జీనియా వాళ్ళు బదులుగా రాజధానిని పొటోమాక్ ఒడ్డుకి తెచ్చుకున్నారు, అదే ఇప్పటి వాషింగ్టన్ డీసీ.

ఎక్సైజ్, అంటే దేశంలో తయారయ్యే సరుకు మీద పన్ను, ఆ పేజీ త్వరగానే అయిపోయింది. బాండ్లకి వడ్డీ కట్టాలి కాబట్టి 1791 లో విస్కీ మీద పన్నేశారు, పెన్సిల్వేనియా పడమటి కొండల్లో రైతులకి రోడ్లు లేక ధాన్యాన్ని విస్కీ చేసి తూర్పుకి మోసుకెళ్ళడమే గతి, 1794 లో తిరగబడ్డారు, వాషింగ్టన్ 13 వేల మందితో స్వయంగా బయల్దేరాడు. షేస్ అప్పుడు కేంద్రం ఏం చేయలేకపోయింది, ఎనిమిదేళ్ళకి ఇంత సైన్యం. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెడితే రాజ్యాంగం ఏం మార్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆ పడమటి రైతుకి రోడ్డు లేదన్న ముక్కే మమ్మల్ని కాలవ దగ్గరికి తీసుకెళ్ళింది. మన తెలుగువాళ్ళకి అమెరికాలో అమ్మానాన్నలు వస్తే నయాగరా తప్పనిసరి కదా. ఆ మధ్య మా నాన్న వచ్చారు, బోస్టన్ నుంచి నయాగరాకి ఐ నైంటీ హైవే మీద పోతే ఆల్బనీ, యూటికా, రోమ్, సిరక్యూస్, రాచెస్టర్, బఫెలో, ఈ ఊళ్ళన్నీ ఒక వరసలో ఎందుకున్నాయో నోట్‌బుక్ చేతిలో ఉంది కాబట్టి ఈసారి తెలిసింది, అవన్నీ ఈరీ కెనాల్ దారిలో పెరిగిన ఊళ్ళు. నయాగరా నుంచి అరగంట పక్కకి పోతే లాక్‌పోర్ట్ అని ఉంది, కొండ అంచు ఎక్కడానికి కాలవని ఐదు మెట్లుగా కట్టిన చోటు. దాన్ని ఎట్లా వివరించాలా అని నేను ఆలోచించేలోపు మా నాన్న, ఇవి లాకులే కదమ్మా, మీ అమ్మమ్మగారి ఊరెళ్ళేటప్పుడు దుగ్గిరాల దగ్గర చూసేదానివి, అన్నారు. నిజమే, మా అమ్మవాళ్ళది దుగ్గిరాల పక్కన, లాకులు తెలియని మనిషి అక్కడ ఉండడు. పడవ లోపలికి రాగానే కింద తలుపు మూస్తారు, పైనుంచి నీళ్ళు వదుల్తారు, పడవ లేస్తుంది, పై తలుపు తీస్తారు. మనవరాలికి తాతయ్య చేతులతో చూపిస్తూ చెప్పాడు, దానికి లాక్ అంటే ఏంటో ఇంక కార్డు అక్కర్లేకపోయింది.

కాలవ పేజీ బాగా నిండింది. 1817 జులై 4 న రోమ్ దగ్గర తవ్వడం మొదలుపెట్టి 1825 అక్టోబర్ కి పూర్తి చేశారు, 363 మైళ్ళు, 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, 83 లాకులు, ఖర్చు 70 లక్షల డాలర్ల పైచిలుకు. డబ్బు ఎవరిది అంటే న్యూయార్క్ రాష్ట్రం బాండ్లు అమ్మి తెచ్చింది, కేంద్రం ఇవ్వలేదు, 1817 లోనే రోడ్లకీ కాలవలకీ కేంద్రం డబ్బిచ్చే బిల్లుని అప్పటికి ప్రెసిడెంట్ గా ఉన్న మాడిసన్ వీటో చేశాడు. పని ఎవరిది అంటే చుట్టుపక్కల రైతు కూలీలది, తర్వాత ఎక్కువగా ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళది, మాంటెజుమా చిత్తడి నేలల్లో జ్వరాలొచ్చి చాలామంది పోయారు. లాభం అంటే, బఫెలో నుంచి న్యూయార్క్ కి టన్ను సరుక్కి 100 డాలర్లు అయ్యేది పది డాలర్ల దగ్గరికి పడిపోయింది, కట్టడానికి చేసిన అప్పు టోల్ డబ్బులతో పదిపన్నెండేళ్ళలో తీరింది, న్యూయార్క్ మిగతా ఓడరేవులన్నిటినీ దాటేసింది. నష్టం ఎవరికో మా అమ్మాయే పట్టుకుంది. పడమటి నుంచి చవక గోధుమ వచ్చి పడేసరికి న్యూ ఇంగ్లండ్ రాళ్ళ నేలలో చిన్న రైతుకి గిట్టుబాటు పోయింది, ఆ ఇళ్ళల్లో ఆడపిల్లలు పని కోసం మిల్లులకి బయల్దేరారు. అట్లా ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి బాణం గుర్తు గీసింది. ఆ తర్వాత ఇంక బాణాలే బాణాలు.

ఆ మిల్లుల ఊరు లోవెల్ మాకు నలభై నిమిషాలు. అక్కడ నేషనల్ పార్క్ వాళ్ళు బూట్ కాటన్ మిల్స్ అని పాత మిల్లుని మ్యూజియంగా ఉంచారు, కింద హాల్లో ఎనభైకి పైగా మరమగ్గాలు, కొన్నింటిని నడిపి చూపిస్తారు. చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్స్ ఇస్తారు, అవి పెట్టుకున్నా గుండెల్లో దడ, నేల అదురుతుంది. ఆ మోతలో రోజుకి పన్నెండు పదమూడు గంటలు, వారానికి ఆరు రోజులు నిలబడి పనిచేశారు, చాలామంది ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు, మా పిల్ల వయసు వాళ్ళూ ఉన్నారు. బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, కంపెనీ హాస్టల్లో ఉండాలి, ఆదివారం చర్చికి పోవాలి. హాస్టల్ ఖర్చు పోను చేతికి వారానికి రెండు డాలర్ల దాకా మిగిలేది, అయినా అది సొంత డబ్బు, ఇంటికి పంపారు, తమ్ముళ్ళని చదివించారు, పత్రిక కూడా నడిపారు. 1834 లో జీతం కోస్తామంటే 800 మంది పని ఆపి బయటికొచ్చారు, 1836 లో హాస్టల్ చార్జీ పెంచితే అంతకంటే ఎక్కువ మంది వచ్చారు. ఓటు లేని ఆడపిల్లలు, అందులోనూ ఇంటికి దూరంగా. నాకు వాళ్ళంటే ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి ఊళ్ళ నుంచి హైదరాబాద్ హాస్టళ్ళకి వచ్చిన మా బ్యాచ్ అమ్మాయిలందరూ కళ్ళ ముందు తిరిగారు.

ఆ ఊరిని కట్టించిన కథ కూడా గట్టిదే. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1810 నుంచి 1812 దాకా ఇంగ్లండ్ లో ఉండి మిల్లులు తిరిగి చూశాడు, యంత్రాల డ్రాయింగులు బయటికి తీసుకెళ్ళడం నేరం కాబట్టి బుర్రలో పెట్టుకుని వచ్చాడు, పాల్ మూడీ అనే మెకానిక్ తో కలిసి వాల్తమ్ లో మరమగ్గం కట్టాడు. అంతకుముందు 1789 లో శామ్యూల్ స్లేటర్ కూడా ఇట్లాగే నూలు వడికే యంత్రాల లెక్క తలలో మోసుకొచ్చి రోడ్ ఐలండ్ పాటకెట్ లో పెట్టాడు, అక్కడ మొదటి పనివాళ్ళు చిన్నపిల్లలు. లోవెల్ 1817 లోనే చనిపోయాడు, మిగతా భాగస్వాములు మెరిమాక్ నది 32 అడుగులు కిందికి దూకే చోట కాలవలు తవ్వి ఊరు కట్టి ఆయన పేరు పెట్టారు, 1840 కల్లా 20 వేల జనాభా.

ఆ మిల్లు మ్యూజియంలోనే ఒక పత్తి బేలు దగ్గర మా నాన్న ఆగారు. మాది సత్తెనపల్లి వైపు, నాన్న ముప్పై ఏళ్ళు పత్తి వేశారు. దూది వేళ్ళతో లాగి చూసి, పింజ బాగుంది, కానీ ఇది ఈ నేలది కాదు కదమ్మా, ఇంత మంచు పడే చోట పత్తెట్లా పండుద్ది, ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఎవరు ఏరేవాళ్ళు, అని అడిగారు. మేం నోట్‌బుక్ లో పెట్టుకున్న మూడు ప్రశ్నలు ఆయనకి ఎవరూ చెప్పలేదు, పత్తి పండించినవాడు కాబట్టి ముందు అదే అడిగాడు. మా అమ్మాయి జవాబు చెప్పింది, సౌత్ నుంచి తాతయ్యా, జార్జియా, అలబామా, మిసిసిపీ, బానిసలు ఏరేవాళ్ళు అని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కూలి ఇవ్వకుండానా అన్నారు. కూలి ఇవ్వకుండానే.

కాటన్ జిన్ పేజీ ఇంటికెళ్ళాక తాతయ్యే నింపించాడు. గుంటూరు జిల్లాలో జిన్నింగ్ మిల్లు తెలియని వాళ్ళెవరు, పత్తి ట్రాక్టరు కట్టుకుని మిల్లు ముందు రాత్రంతా పడిగాపులు పడ్డ మనిషి. గింజ నుంచి దూది విడదీయడమే జిన్నింగ్. మన దేశంలో రెండు కర్రల మధ్య తిప్పే చర్ఖీ ఎప్పటి నుంచో ఉంది, ఆ రకం పనిముట్టే అమెరికాలో సముద్రం ఒడ్డున పండే పొడుగు పింజ పత్తికి వాడారు, దాని గింజ నున్నగా ఉండి ఊడొచ్చేస్తుంది. లోపలి నేలల్లో పండే పొట్టి పింజకి మాత్రం గింజ గట్టిగా అతుక్కుని ఉంటుంది, చేత్తో తీస్తే రోజంతా కలిపి ఒక పౌను. ఎలీ విట్నీ 1793 లో జార్జియాలో సవానా దగ్గర ఒక తోటలో ఉండగా తీగ పళ్ళ రోలరు యంత్రం చేశాడు, 1794 లో పేటెంట్ వచ్చింది, దాంతో రోజుకి 50 పౌన్లు. ఇప్పుడు మా నాన్న వేసే పత్తి కూడా ఆ అమెరికా జాతిదే, హైబ్రిడ్ల దాకా వచ్చింది.

యంత్రం వస్తే పని తగ్గాలి కదా అని మా అమ్మాయి అడిగితే, తాతయ్య సూటిగా చెప్పాడు, గింజ తీయడం సులువైతే ఎకరాలు పెరుగుతాయి, ఏరేది మాత్రం చేత్తోనే కదా అని. లెక్కలు అదే చెప్పాయి. 1790 లో దేశం మొత్తం మూడు నాలుగు వేల బేళ్ళు, 1860 కి దాదాపు 40 లక్షల బేళ్ళు. 1790 లో బానిసలు 7 లక్షలు, 1860 లో 39 లక్షల 50 వేలు. 1808 నుంచి బయటి నుంచి తేవడం చట్టప్రకారం ఆగిపోయింది, అయినా వర్జీనియా, మేరీలాండ్ పొగాకు చేల నుంచి దాదాపు పది లక్షల మందిని కొత్త పత్తి నేలలకి తోలారు, చాలామందిని అమ్మేసి, కుటుంబాలు విడగొట్టి. సాయంత్రం ఒక్కొక్కరి బుట్ట తూకం వేసేవాళ్ళు, తక్కువొస్తే కొరడా. 1860 కి అమెరికా ఎగుమతుల విలువలో సగం పైన పత్తి ఒక్కటే. లోవెల్ మిల్లుల్లో నేసిన ముతక గుడ్డలో కొంత మళ్ళీ సౌత్ కే పోయేది, బానిసలకి బట్టలు కుట్టడానికి. చార్లెస్ సమ్నర్ అని మసాచుసెట్స్ నాయకుడు 1848 లోనే, ఇది కొరడా దొరలకీ మగ్గం దొరలకీ ఉన్న పొత్తు అని సభలో అన్నాడు. ఈ మాట విన్నాక మా అమ్మాయి లోవెల్ పేజీలో లాభం ఎవరికి అన్న చోట రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది.

టారిఫ్ పేజీలో మన నేతగాళ్ళు వస్తారని నేను ఊహించలేదు. బ్రిటన్ తో 1812 యుద్ధం అయ్యాక బ్రిటిష్ సరుకు కుప్పలుగా వచ్చి పడింది, 1816 లో కాంగ్రెస్ పత్తి గుడ్డ మీద 25 శాతం సుంకం వేసింది, అందులో ఒక మెలిక ఉంది, గజం ఎంత చవకైనా సరే పాతిక సెంట్లు ఉన్నట్టే లెక్క. అంటే గజం పది సెంట్ల గుడ్డకి కూడా ఆరుంబావు సెంట్లు కట్టాలి, అరవై శాతం పైన పడ్డట్టు. ఆ మెలిక కోసం వాషింగ్టన్ వెళ్ళి మాట్లాడింది లోవెల్. ఆ దెబ్బ నాణ్యమైన ఇంగ్లీషు గుడ్డకి పెద్దగా తగల్లేదు, తగిలింది ఇండియా నుంచి వచ్చే చవక ముతక గుడ్డకి. మా మసాచుసెట్స్ లోనే ఉన్న సేలం ఊరి ఓడలు కలకత్తా, మద్రాసు నుంచి ఆ గుడ్డ తెచ్చేవి, సేలంలో పీబాడీ ఎసెక్స్ మ్యూజియం ఆ కెప్టెన్లు 1799 లో పెట్టుకున్న సంఘం నుంచే వచ్చింది. బ్రిటిష్ వాళ్ళ మిల్లులే మన మగ్గాలని దెబ్బ తీశాయని స్కూల్లో చదువుకున్నా, ఇక్కడ మా పక్క ఊళ్ళో కూర్చున్న మనుషులు కూడా ఒక తలుపు మూశారని ఇన్నాళ్ళూ తెలియదు.

లిస్టులో ఇండియన్ రిమూవల్ యాక్ట్ ని, అంటే అమెరికా ఆదివాసీ తెగల్ని వాళ్ళ నేల నుంచి పంపించేసే చట్టాన్ని, టీచర్ రాజకీయాల కింద పెట్టారు. మా అమ్మాయి దాన్ని తీసుకొచ్చి పత్తి పక్కన పెట్టింది, నాకు చాలా గర్వమనిపించింది. 1830 లో చట్టం, 1838 లో చెరోకీ జనాన్ని జార్జియా చుట్టుపక్కల నుంచి మిసిసిపీ అవతలికి తోలుకుపోయారు, సుమారు 16 వేల మందిలో 4 వేల మంది దాకా దారిలోనూ క్యాంపుల్లోనూ పోయారని లెక్క. ఖాళీ చేయించిన నేలలో వేసింది పత్తే. 1803 లో ఫ్రాన్స్ దగ్గర లూసియానాని 1 కోటి 50 లక్షల డాలర్లకి కొన్నారని పుస్తకం ఎకరాకి ఎన్ని సెంట్లు పడిందో గొప్పగా చెప్తుంది, మా నోట్‌బుక్ లో మాత్రం అమ్మినవాడిది ఆ నేల కాదని కూడా రాసుంది.

నల్లిఫికేషన్ ఇక్కడికి వచ్చేసరికి సులువైంది. 1828 లో సుంకం ఇంకా పెంచారు, పత్తి అమ్మి సరుకు కొనుక్కునే సౌత్ కి మండింది, 1832 లో సౌత్ కరొలైనా ఆ చట్టం మా రాష్ట్రంలో చెల్లదు అంది, ప్రెసిడెంట్ జాక్సన్ సైన్యం పంపుతా అన్నాడు, 1833 లో కాంగ్రెస్ నాయకుడు హెన్రీ క్లే సుంకం మెల్లమెల్లగా తగ్గించే రాజీ తెచ్చాడు. బ్యాంకు కథకి నేను చాలా సమయం పెట్టించా, ఎందుకంటే పానిక్, అంటే బ్యాంకుల మీద నమ్మకం పోయి వ్యాపారమంతా కుప్పకూలడం, అది లేకుండా అర్థం కాదు. అప్పట్లో ఒక్కో బ్యాంకు తన నోటు తనే అచ్చేసుకునేది, వందల రకాల నోట్లు, వాటిని తెచ్చి నాణెం ఇవ్వు అని అడిగి అదుపులో పెట్టేది సెకండ్ బ్యాంక్ అనే జాతీయ బ్యాంకు, 1816 లో పెట్టారు. 1832 లో జాక్సన్ దాని పొడిగింపుని వీటో చేశాడు, ప్రభుత్వ డబ్బు తీసి రాష్ట్రాల బ్యాంకుల్లో వేశాడు, అవి నోట్లు గుద్దాయి, జనం ఆ నోట్లతో పడమటి నేలలు కొన్నారు. 1836 లో ప్రభుత్వ భూమికి ఇంక వెండి బంగారమే కట్టాలన్నాడు. ఆ పక్కన ఇంగ్లండ్ లో వడ్డీ పెరిగి పత్తి ధర పడింది, 1837 మే లో న్యూయార్క్ బ్యాంకులు నోటుకి నాణెం ఇవ్వలేమని తలుపులేశాయి. షేస్ పేజీలో రాసిన స్పీసీ అన్న పదం మళ్ళీ ఇక్కడ తేలింది, బాణం నోట్‌బుక్ ఆ చివర నుంచి ఈ చివరికి గీయాల్సి వచ్చింది.

ఎస్సేలో ప్రశ్న, మార్కెట్ రివల్యూషన్ కి, అంటే ఇంటి అవసరానికి చేసుకోవడం పోయి జనం బజారు కోసం పండించడం, తయారు చేయడం మొదలుపెట్టిన మార్పుకి, ముఖ్య కారణం ఏది అని. క్లాసులో ఎక్కువమంది కాలవలు, యంత్రాలు అని రాశారట. మా అమ్మాయి పత్తి అని రాసింది, పత్తిలోంచి సుంకం, సుంకంలోంచి మిల్లు, మిల్లులోంచి బ్యాంకు, నేల, మనుషుల అమ్మకం అట్లా తీసుకెళ్ళింది. టీచర్ మంచి మార్కులే ఇచ్చి పక్కన ఒక ప్రశ్న రాశారు, ఈరీ కెనాల్ మీద పోయింది గోధుమ కదా, దాన్ని ఇందులో ఎక్కడ పెడతావు అని. న్యాయమైన ప్రశ్న. నా అభిప్రాయం మాత్రం పిల్లదే రైటు అని, గోధుమ దేశంలోపల తిండి పెట్టింది, బయటి దేశాల దగ్గర అప్పు పుట్టించింది, దిగుమతులకి డబ్బు తెచ్చింది పత్తి. మా ఆయన ఒప్పుకోడు, ఉత్తరాది ఊళ్ళు పెరిగింది లోపలి మార్కెట్ వల్ల అంటాడు, ఆదివారం మళ్ళీ మొదలైంది ఈ గొడవ.

తర్వాతి యూనిట్ సివిల్ వార్, రీకన్‌స్ట్రక్షన్. లిస్టు అప్పుడే వచ్చింది, అందులో షేర్‌క్రాపింగ్, క్రాప్ లీన్ ఉన్నాయి. కౌలు గురించీ, పంట చేతికి రాకముందే షావుకారు దగ్గర రాసిచ్చే అప్పు గురించీ తాతయ్యని అడగాలని మా అమ్మాయి ప్రశ్నలు రాసిపెట్టుకుంది, శనివారం ఇక్కడ రాత్రి తొమ్మిదికి, వాళ్ళకి తెల్లారాక, వీడియో కాల్ చేస్తుందట.